ఏసీ గదిలో మిషన్

వంటింట్లో అలారం గడియారం పన్నెండుంబావు దగ్గర ఆగిపోయింది. అది మోగుతుందని నమ్ముకుని పడుకున్న మాధురి లేచేసరికి తెల్లగా తెల్లవారింది, గేటుకు తగిలించిన పాల ప్యాకెట్లు ఎండకు వెచ్చబడ్డాయి. గడియారం వెనక మూత తీసి చూసింది. లోపల సెల్లు లేదు.

దొంగ కోసం ఊరంతా వెతకనక్కర్లేదు. హాల్లో సోఫా మీద ఆమె భర్త శ్రీహరి, లేవగానే దేవుడి పటం చూడాల్సిన కళ్ళతో టీవీని చూస్తూ రిమోట్ నొక్కుతున్నాడు.

"గడియారంలో సెల్లు తీసినారా?"

"డాంగిల్ రిమోట్‌లో అయిపోయినాయి. రెండు కావల్ల. ఒకటి ఏసీ రిమోట్‌లో దొరికె."

"రెండోది నా గడియారంలో దొరికె."

"సెల్లు కోసం ఇంత రచ్చనా? పొద్దున తెచ్చి ఏస్తాం లేనుకుంటి."

"పొద్దున లేచేదానికే కదా ఆ గడియారం. రాత్రి అంత అర్జంటుగా ఏం సినిమా చూసినారు?"

"సినిమా చూల్లేదు. పోస్టర్లు సర్దుతాంటి."

నిజమే. మార్చి నెల నుంచీ ఆ ఇంట్లో సినిమా చూసినవాళ్ళు లేరు. శ్రీహరి పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో తీసేసిన కంప్యూటరు ఒకటి ఇంటికి వచ్చింది. దానికి నాలుగైదు హార్డ్ డిస్కులు తగిలించి, సర్వర్ అని పేరు పెట్టాడు. అతని తల్లిదండ్రులు కేశవులు, భ్రమరాంబ దానికి మిషన్ అని పేరు పెట్టారు. ఎప్పుడో కొన్న సినిమా డిస్కులు, పాటలు, ఇంట్లో జరిగిన పెళ్ళిళ్ళు, పేరంటాల వీడియోలు అన్నీ దాని కడుపులోకి వెళ్ళాయి. టీవీ వెనక వేలెడు డాంగిల్ గుచ్చితే, అది వైఫైలో మిషన్‌ను అడిగి, మనకు కావలసింది తెచ్చి చూపిస్తుంది. మిషన్ ప్రతి వీడియోకూ తనే ఒక పోస్టరు వెతికి అతికిస్తుంది. రాత్రి భోంచేసి నలుగురూ టీవీ ముందు కూర్చుంటే, శ్రీహరి ఆ పోస్టర్లన్నీ కిందికీ పైకీ తిప్పి చూపిస్తాడు. ఏది చూడాలో తేలేలోపు కేశవులు గురక పెడతాడు. భ్రమరాంబ లేచిపోతూ, "ఆ తోక పీకేసి పాత సీరియల్ పెట్టరాదా అప్పా" అంటుంది.

పాత వీడియోలు కొన్ని డాంగిల్‌కు అరగవు. వాటిని మిషనే మార్చి మెత్తగా చేసి పంపాలి, పళ్ళు రాని పిల్లకు అన్నం పిసికి పెట్టినట్టు. అలా పిసికేటప్పుడు దానికి ఒళ్ళు వేడెక్కుతుంది. నంద్యాల ఎండాకాలంలో ఒళ్ళు వేడెక్కేవాళ్ళు ఆ ఇంట్లో ఇంకా నలుగురున్నారు గాని, ఏసీ మాత్రం మిషన్‌కు పెట్టారు.

అదీ ఎక్కడ? వరండా పక్కన చిన్నగదిలో. ఆ గది మాధురికి రెండేళ్ళ కిందటే మాట ఇచ్చిన గది. ఆమె బీఎస్సీ లెక్కలు చదివింది. వీధిలో పిల్లలు సాయంత్రాలు లెక్కలు చెప్పించుకోవడానికి వస్తారు. పడమటి వరండాలో ఎండ నేరుగా పుస్తకాల మీద పడుతుంటే, పిల్లలు నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ త్రికోణమితి నేర్చుకుంటారు. 'చిన్నగదిలో పాత పెట్టెలు తీసేస్తా, నల్లబోర్డు కొట్టిస్తా, ఏసీ పెట్టిస్తా' అన్నాడు శ్రీహరి. మాట తప్పే మనిషి కాదు. పెట్టెలు తీశాడు, ఏసీ పెట్టించాడు. తలుపు తెరిచి చూస్తే లోపల మిషన్ చల్లగా కూర్చుని ఉంది.

ఇప్పుడు సెల్లు దగ్గర మొదలైన మాట ఆ గది దగ్గరికే వచ్చింది.

"బడులు తెరుస్తాండారు. పిల్లోళ్ళను మల్ల ఎండలోనే కూర్చోబెట్టల్లనా?" అంది మాధురి.

"మిషన్‌ను యాడ పెట్టేది మరి?"

"మిషన్ ఏమన్నా పరీక్షలు రాస్తాదా?"

శ్రీహరి రిమోట్ పక్కన పెట్టాడు. "నీకు దాని విలువ తెల్దు. ఆదివారం ఆళ్లగడ్డకు పోతాండాం కదా, ఆడ చూడు. పెద్దమ్మోళ్ళ టీవీకి మన డాంగిల్ పెట్టి, ఈడ నంద్యాలలో ఉండే మిషన్ నుంచి ఆడ అవ్వ వీడియో ఆడిస్తా. అందరి ముందర. ఆడకపోతే గది నీది. ఆడితే మిషన్‌ది. అంతవరకూ మిషన్ సంగతిలో నువ్వు నోరు పెట్టొద్దు."

"పెట్టను," అంది మాధురి.

ఆమె మాట కూడా లెక్క లాంటిదే. ఒకసారి వేసిందంటే కొట్టివేత ఉండదు.

ఆళ్లగడ్డలో పెద్దమ్మ అంటే భ్రమరాంబ అక్క ప్రమీలమ్మ. ఆమె కూతురు భానుప్రియ కాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. ఆదివారం ఆ పిల్లను తొట్లో వేసి పేరు పెడతారు. అక్కచెల్లెళ్ళ తల్లి రంగనాయకమ్మ పేరే పెట్టాలని నిర్ణయం. పిలవడానికి మాత్రం అమృత అట. ఇరవై ఆరేళ్ళ కిందట భానుప్రియను తొట్లో వేసినప్పుడు రంగనాయకమ్మ జోల పాడింది. అప్పుడు తీసిన వీడియో క్యాసెట్టు బూజు పట్టిపోతే, శ్రీహరి కర్నూలులో బాగు చేయించి మిషన్‌లోకి ఎక్కించాడు. ఆ ఒక్క మంచిపని చేశాడని మాధురి కూడా ఒప్పుకుంటుంది. ఆ ముసలామె పోయి పదహారేళ్ళు. గొంతు మిగిలింది ఆ క్యాసెట్టులోనే.

"మా అమ్మ గొంతు నిజంగా వినపడ్తాదా పిల్లా?" అని భ్రమరాంబ ఆ వారమంతా కోడలిని అడుగుతూనే ఉంది.

ఆదివారం పొద్దున్నే మాధురి అలవాటుగా ఫ్రిజ్ ఖాళీ చేసింది. పాలు కాచి తోడేసిన గిన్నె, కొత్తిమీర కట్ట, మిగిలిన దోసెల పిండి. కొన్ని పక్కింటికి, కొన్ని సంచిలోకి. తలుపు తెరిచి కింద పాతబట్ట పరిచింది, మంచు కరిగితే నీళ్ళు నేల మీదికి రాకుండా. ఇంట్లో అందరూ కలిసి ఊరికి వెళ్ళిన ప్రతిసారీ ఆమె చేసే పని ఇది. ఎందుకంటే ఇంటి తాళం వేసే ముందు మామ కేశవులు మెయిన్ ఆపుతాడు.

ఆయన నంద్యాల బజారులో బట్టల అంగడి నడిపినవాడు. ఒకసారి పక్క అంగడి కరెంటు వల్ల కాలిపోయింది. అప్పటి నుంచి అంగడి మూసేటప్పుడు మెయిన్ ఆపడం, తాళం వేసి పట్టుకుని ఊగులాడటం, ఆ చేతిని కళ్ళకద్దుకోవడం ఆయనకు సంధ్యావందనం లాంటిది. అంగడిని అద్దెకిచ్చినా ఆ అలవాటును మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. ఈ సంగతి కోడలికి తెలుసు, భార్యకు తెలుసు, ఫ్రిజ్‌కు తెలుసు. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన శ్రీహరికి తెలియదు. అతను ఎప్పుడూ కారు తీసి వీధిలో హారన్ కొడుతుంటాడు. ఊరి నుంచి వచ్చిన రోజు కాఫీకి పాలు ఎందుకుండవో ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగలేదు. మిషన్ వచ్చాక అందరూ కలిసి ఊరికి పోవడం ఇదే మొదలు.

కేశవులు వరండాలో మెయిన్ పెట్టె తెరిచి, పిడి కిందికి లాగాడు. ఫ్యాన్లు ఆగాయి. చిన్నగదిలో మిషన్‌కు తోడుగా పెట్టిన యూపీఎస్ కుయ్, కుయ్ అని ఏడవడం మొదలుపెట్టింది. దాని ఊపిరి పావుగంట.

మాధురి కారెక్కి, "మామ మెయిన్..." అని మొదలుపెట్టింది.

"మిషన్ సంగతేనా?" శ్రీహరి ఫోను తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు. "చూడు. ఆన్‌లైన్ అని పచ్చచుక్క వెలుగుతాందా? ఇంటి బయట నుంచి చూసినా కనపడ్తాది. నువ్వు నోరు పెట్టనంటివే?"

పచ్చచుక్క వెలుగుతూనే ఉంది, యూపీఎస్ పుణ్యమా అని. మాధురి నోరు మూసుకుంది. రెండోసారి చెప్పడానికి ఆమెకు ఎవరూ జీతం ఇవ్వడం లేదు.

ఊరు దాటి హైవే ఎక్కినా ఆమె మనసు కుదురుగా లేదు. ఇప్పుడు ఊరకుంటే చాలు, గది తనది. బోర్డు ఏ గోడకు కొట్టించాలో కూడా అనుకుంది, తలుపుకు ఎదురుగా, కిటికీ వెలుతురు మెరవకుండా. శిరివెళ్ల దాటుతుండగా వెనక సీట్లో పక్కన కూర్చున్న భ్రమరాంబ, "రంగమ్మ జోల పాడితే రాయి కూడా నిద్రపోతాదనేటోళ్ళు తెల్సా" అంది. మాధురి కిటికీలోంచి బయటికి చూసింది.

ఆళ్లగడ్డలో ఇంటి నిండా చుట్టాలు. శ్రీహరి చెప్పులు విప్పకముందే డాంగిల్ విప్పాడు. భానుప్రియ భర్త సందీప్ టీవీని ముందుకు జరిపి సాయం పట్టాడు. మంచివాడు, అమాయకుడు.

"బావా, ఇంత కష్టమెందుకు? ఒక పెన్ డ్రైవులో ఏసుకొని వచ్చింటే టీవీకి గుచ్చితే సరిపోతుండె కదా?"

శ్రీహరి అతన్ని, విమానం దిగినవాడు ఎద్దులబండి వైపు చూసినట్టు చూశాడు. "అది పాత పద్ధతి సందీప్. ఇది స్ట్రీమింగ్."

జనం చాపల మీద కూర్చున్నారు. భ్రమరాంబ అందరికన్నా ముందు కూర్చుని, చీరకొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. తెర మీద ఒక గుండ్రటి గీత తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది. తిరుగుతూనే ఉంది. పిల్లలు కాసేపు దానికి తగ్గట్టు తలలు తిప్పి, విసుగొచ్చి బయటికి పోయారు.

"ఇదేనా అప్పా వీడియో?" అంది ప్రమీలమ్మ. "బొంగరం మాదిరి ఉండాదే."

"మీ ఊరి నెట్టు బాగలేదు పెద్దమ్మా."

"పొద్దున అదే నెట్టుతో మా అన్నతో వీడియో కాల్ మాట్లాడితిమి బావా," అన్నాడు సందీప్.

శ్రీహరి ఆ ఇంటి రౌటరు ఆపి మళ్ళీ వేశాడు. డాంగిల్ పీకి గుచ్చాడు. టీవీ పాతదన్నాడు, అది కొని ఏడాది కాలేదని తెలిశాక కంపెనీ మంచిది కాదన్నాడు. వైర్లను తిట్టాడు, ఆళ్లగడ్డను తిట్టాడు, ఎండను కూడా తిట్టాడు. ఒక్క నంద్యాలలో తన మిషన్‌ను తప్ప అన్నింటినీ అనుమానించాడు. ఫోను తీసి పచ్చచుక్క చూడవచ్చునని అతనికి తోచలేదు. బయల్దేరేటప్పుడు చూశాడు కదా, చాలు.

లోపలి నుంచి పురోహితుడు ముహూర్తం దగ్గర పడుతోందని కేక వేశాడు. ఒక్కొక్కరే లేచి లోపలికి వెళ్ళారు. భ్రమరాంబ కదల్లేదు. కళ్ళద్దాలు మళ్ళీ తీసి మళ్ళీ తుడిచింది. తప్పు అద్దాలదేనేమోనన్నట్టు.

మాధురి గోడకు ఆనుకుని నిలబడి చూస్తోంది. ఇంకొక్క గంట. ఆ గంట గడిస్తే భోజనాలు, తాంబూలాలు, తిరుగు ప్రయాణం. గది, బోర్డు, ఏసీ, అన్నీ తనవి. పందెం అలాగే కదా కాశాడు. ఇప్పుడు నోరు తెరిస్తే ఈయన నంద్యాలకు పరిగెత్తి మెయిన్ ఎత్తుతాడు, వీడియో ఆడుతుంది, గది పోతుంది. పిల్లలు మళ్ళీ నీడ వెంట జరుగుతారు.

అత్త మూడోసారి అద్దాలు తీసింది.

"మామా," అంది మాధురి, కుర్చీలో ఆకువక్క నములుతున్న కేశవులుతో. "వచ్చేటప్పుడు మెయిన్ ఆపినారు కదా?"

మిషన్ మాట ఎత్తలేదు. మెయిన్ మాటే ఎత్తింది.

"ఆపకుండా ఎట్ల వస్తా పిల్లా?" అన్నాడు కేశవులు గర్వంగా. "ఆపి, తాళం లాగి మరీ చూస్తి."

శ్రీహరి చేతిలో వైరు జారింది.

"నాయనా! మెయిన్ ఆపితివా? మిషన్ కరెంటు లేకుండా ఎట్ల నడుస్తాది?"

"నాకేం తెల్సురా? ఊరికి పోయేటప్పుడు దీపాలన్నీ ఆపి పోవల్ల. అది గూడా మన ఇంట్లోదే కదా."

"ఒక మాట చెప్పల్ల గదా!"

"నలభై ఏండ్లాయ, ఆ ఇంట్లో ఉండావు. నేను మెయిన్ ఆపేది నీకు తెల్దా? ఫ్రిజ్‌కు గూడా తెల్సు కదరా."

శ్రీహరి భార్య వైపు తిరిగాడు. "నువ్వు చూసినావా?"

"చూసినా. కారెక్కి చెప్పబోతే పచ్చచుక్క చూపిస్తిరి."

సందీప్ ఎందుకో దగ్గుకుంటూ బయటికి వెళ్ళాడు.

తాళంచెవులు కేశవులు మొలతాడుకు కట్టుకుని ఉంటాడు. అందరి ముందూ పంచె సర్ది, ముడి విప్పి ఇవ్వడానికి ఆయనకు కొంచెం సమయం పట్టింది. ఇస్తూ, "వచ్చేటప్పుడు తాళం లాగి చూడు," అన్నాడు. "మెయిన్..." అని ఇంకేదో అనబోయి, కొడుకు ముఖం చూసి మానేశాడు.

స్ట్రీమింగ్ చూపించడానికి వచ్చిన మనిషి కారెక్కి నంద్యాలకు పోయాడు. ముహూర్తం అతని కోసం ఆగలేదు. పిల్లను తొట్లో వేశారు, చెవిలో రంగనాయకమ్మ అన్నారు, ఆడవాళ్ళు తలా ఒక ముక్క పాడారు. పిల్ల అందరి పాటకూ సమానంగా ఏడ్చింది. చుట్టాలు మొదటి పంక్తి తిని, రెండో పంక్తి తిని, తాంబూలాలు తీసుకుని వెళ్ళారు. శ్రీహరి గొప్ప చూపించాలనుకున్న జనమంతా పూర్ణం భక్షాలు తిని వెళ్ళిపోయాక ఫోను మోగింది.

"మెయిన్ ఎత్తినా," అన్నాడు శ్రీహరి, రొప్పుతూ. "డిస్కులన్నీ ఒకసారి సరిచూసుకుంటాందంట. ఏసీ ఏస్తామంటే రిమోట్‌లో ఒక సెల్లు లేదు."

"అది డాంగిల్ రిమోట్‌లో ఉండాది. ఇప్పుడు నా చేతిలోనే ఉండాది," అంది మాధురి.

అటువైపు న్యూస్‌పేపర్ రెపరెపలాడే చప్పుడు వినిపించింది. మిషన్‌కు విసురుతున్నాడు.

మొత్తానికి గుండ్రటి గీత ఆగి, పోస్టర్లు వచ్చాయి. "తొట్టి అని ఇంగ్లీషులో పేరు పెట్టినా, వెతుకు," అన్నాడు. మాధురి వెతికింది. ఆ పేరు మీద ఒకటే పోస్టరు ఉంది. చీకటి గదిలో ఒక తొట్టి, తొట్టి అంచు మీద రక్తం కారుతున్న చెయ్యి. ఏ దేశపు దయ్యం సినిమానో. మిషన్ తన తెలివితో వెతికి అవ్వకు అతికించిన బొమ్మ. శ్రీహరి రాత్రుళ్ళు మేలుకుని సర్దిన పోస్టర్లలో ఇదొక్కటే అతని కంట పడలేదు.

"ఏందీ ఇది, దయ్యమా?" అంది భ్రమరాంబ.

"కాదత్తా, మీ అమ్మే," అని నొక్కింది మాధురి.

తెర మీద వెలుతురు చెదిరింది. పాత పందిరి, పాత చీరలు, తొట్టి. తొట్టి పక్కన రంగనాయకమ్మ ముక్కుపుడకతో, కోపంగా కెమెరా వైపు చూస్తూ, "ఏందప్పా నా మొగాన లైటు కొడ్తాండావు? పసిబిడ్డ ఉండాది, కండ్లు లేవా నీకు?" అంది. ప్రమీలమ్మ పకపకా నవ్వింది. తర్వాత ముసలామె తొట్టి తాడు పట్టుకుని పాడటం మొదలుపెట్టింది. గొంతు కొంచెం బొంగురు. పాట మధ్యలో ఎవరినో అన్నం తిన్నావా అని అడిగి, ఎక్కడ ఆపిందో అక్కడే అందుకుంది.

భ్రమరాంబ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. వినడానికి అవి అక్కర్లేదు కదా.

ఇంటివాళ్ళ పంక్తి ఎప్పుడూ చివరిదే. ఆ రోజు శ్రీహరి తిరిగి వచ్చేదాకా ఆగడంతో మరీ ఆలస్యమైంది. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుని ఉంది గాని, ముఖం మాత్రం గెలిచినవాడిది. విస్తరి ముందు కూర్చుంటూనే అన్నాడు:

"ఆడిందా లేదా?"

"ఆడింది," అంది మాధురి, భక్షం మీద నెయ్యి వేస్తూ.

"నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు. చెప్పినానా లేదా? ఒప్పుకున్న మాట ఒప్పుకున్నట్టే. గది మిషన్‌ది."

నోరు తెరిచి తనే పోగొట్టుకున్న గది. మాధురి నెయ్యి గిన్నె పట్టుకుని పక్క విస్తరికి జరిగింది.

"మెయిన్ ఎత్తే పెట్టి వచ్చినావా?" అన్నాడు కేశవులు. ఆయనకు ముద్ద దిగడం లేదు.

"ఎత్తే ఉండాది నాయనా."

"ఇల్లు కాలిపోతాది చూడు."

"ఇద్దరూ నోరు మూయండి," అంది భ్రమరాంబ.

ఆమె ఆ మాట ఎప్పుడూ అనగా ఎవరూ వినలేదు. సందీప్ చేతిలో ముద్ద ఆగింది.

"హరీ, నువ్వు మంచిపని చేసినావు. మా అమ్మ గొంతు వినిపించినావు. కానీ నీ మిషన్ ఆడలే. నువ్వు పోయి దాని పక్కన కూర్చొని విసిరితే ఆడింది. పంక్తిలో కూర్చొని అన్నం తినాల్సిన మనిషి ఆడ పోయి కూర్చునె. నువ్వు పోయేదానికి నోరు తెరిచింది ఎవురు? నీ పెండ్లాము. ఊరకుండింటే గది ఆ పిల్లదే కదా? నాకు కండ్లు సరిగ్గా కనపడవు గానీ ఈ మాత్రం కనపడ్తాది." ఆమె మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "ఇంటికి పోతానే ఆ మిషన్‌ను తెచ్చి నా మంచం పక్కన పెట్టు. మా అమ్మ ఉండే పెట్టె నా గదిలో ఉంటాది. చిన్నగది మాధురిది. బోర్డు కొట్టించు. ఏసీ ఆడనే ఉంటాది."

"అమ్మా, మన గదుల్లో ఎండకు అది మాడిపోతాది. ఏసీ లేకుండా..."

"మా అమ్మ ఏ ఏసీలో పాడిందిరా?"

"గుయ్యిమని సద్దు చేస్తాదే," అన్నాడు కేశవులు దీనంగా. "నాకు నిద్ర పట్టొద్దా?"

"నీ గురక కన్నానా? ఇంకొక మాట. ఇంకమీదట మెయిన్ ఆపేది లేదు. అంత భయముంటే నువ్వు ఇంట్లో ఉండు, మేము ఊర్లకు పోయొస్తాం."

శ్రీహరి చుట్టూ చూశాడు. ప్రమీలమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో పెట్టుకుంది. సందీప్ విస్తరిలోకి చూస్తున్నాడు. చివరికి భార్య వైపు తిరిగాడు.

"నువ్వన్నా చెప్పు మాధురీ. మిషన్‌కు వేడి పనికిరాదని నీకు తెల్సు కదా."

మాధురి అతని విస్తరిలో ఇంకొక భక్షం వేసి, దాని నిండా నెయ్యి పోసింది.

"మిషన్ సంగతిలో నేను నోరు పెట్టనండీ," అంది.